కుడి కంచె వెనక కట్టుబాటు

నోర్బర్ట్ హుడాక్‌ను ఇప్పుడు దొంగ అంటున్నవాళ్ళలో చాలామంది పోయిన అక్టోబరులో అతన్ని భుజాల మీదికెత్తుకుని వీధుల్లో తిప్పినవాళ్ళే. ఆ రెండూ అతనికి తగినవి కావు. వేసవి అంతా ఆట మైదానంలో అతని పక్కన బెంచీ మీద కూర్చోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. అందువల్ల నేను స్వయంగా చూసినదాన్ని, ఇతరులు చెప్పగా విన్నదాన్ని వేరుచేసి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అతను నది మీది ఎత్తుడు వంతెన దగ్గర పనిచేసేవాడు. ఇనుప ఖనిజం మోసుకొచ్చే ఓడలు సరస్సులోంచి నదిలోకి మళ్ళినప్పుడు వంతెన లేపాలి, ఓడ దాటాక దించాలి. నోర్బర్ట్ మీట లాగాడంటే మేయరు కారైనా, పెళ్ళి ఊరేగింపైనా అవతల ఆగవలసిందే. ఒకసారి చర్చి ఫాదర్ తొందరపడి హారన్ మోగిస్తే, గది కిటికీలోంచి తల బయటపెట్టి, "ఓడకు బ్రేకులుండవు ఫాదర్, మీ కారుకుంటాయి" అన్నాడట. ఇది విన్నమాట. అయితే అతన్ని ఎరిగినవారెవరూ దాన్ని శంకించరు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు లుడ్మిలా ఇంట్లో పై వాటాలో ఉండేవాడు. వంతెన, చర్చి, బేస్‌బాల్ మైదానం – అతని లోకం ఆ మూడింటితో సరి.

మా జట్టు పేరు ఫెర్రీమెన్. మైదానంలో కుడివైపు కంచె వెనక, పైన కప్పు లేని బెంచీలున్నాయి. అక్కడ కూర్చునేవారికి ఒక కట్టుబాటు ఉంది. ఎదుటి జట్టు కొట్టిన బంతి కంచె దాటి మా మధ్య పడితే, పట్టినవాడు దాన్ని ఇంటికి తీసుకుపోకూడదు. లేచి నిలబడి తిరిగి మైదానంలోకి విసిరేయాలి. శత్రువు గెలుచుకున్న పరుగులో మాకు వాటా వద్దని దాని అర్థం. ఉక్కు మిల్లు నడిచిన రోజుల్లో మొదటి షిఫ్టు దిగి మసి మొహాలతోనే ఆటకొచ్చిన కార్మికులు దీన్ని మొదలుపెట్టారు. వారిలో నోర్బర్ట్ తండ్రి ఒకడు. మిల్లు మూతపడింది కానీ కట్టుబాటు మిగిలింది. దాన్ని మిగిల్చినవాడు నోర్బర్ట్ అనడం అతిశయోక్తి కాదు.

పాటించనివాడికి శిక్షంటూ లేదు. బంతి పడగానే నోర్బర్ట్ టోపీ తీసి చెయ్యి పైకెత్తేవాడు. మేమంతా లేచి "విసురు, విసురు" అని కేకలు పెట్టేవాళ్ళం. అంతమంది ఎదుట బంతి జేబులో వేసుకుని కూర్చోగల ధైర్యం అప్పట్లో నేను ఎవరిలోనూ చూడలేదు. కాని మోసానికి ఒక దారి ఉండేది. ఆట మొదలుకాకముందు ఆటగాళ్ళు సాధన చేసేటప్పుడు కూడా బంతులు మా వైపు పడతాయి. వాటిని ఎవరైనా ఉంచుకోవచ్చు. కొందరు తెలివైనవాళ్ళు ఆ సాధన బంతిని జేబులో సిద్ధంగా పెట్టుకుని, అసలు బంతి దొరికినప్పుడు దాన్ని దాచి ఇది విసిరేసేవారు. మేము దాన్ని జేబు బంతి అనేవాళ్ళం. నోర్బర్ట్‌కు అంతకంటే అసహ్యమైనది లేదు. కొత్తగా వచ్చినవాళ్ళ కోటు జేబుల మీద తట్టి, "ఏంటి బాబూ, లోపలున్నది బంతా, బంగాళాదుంపా?" అని అడిగేవాడు. నవ్వుతూనే అడిగేవాడు. కాని జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు.

ఇక బెర్నడీన్ టోకర్ సంగతి. స్కూలు వంటగదిలో వంట చేసి రిటైరయిన మనిషి. భర్త టియోఫిల్ గాజు కార్ఖానాలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్న వేసవిలో, ఆయన పట్టుబట్టి పంపగా, ఆమె ఒక ఆదివారం ఆటకు వచ్చింది. ఆ రోజు ఎదుటి జట్టు కొట్టిన బంతి తిన్నగా వచ్చి ఆమె ఒళ్ళో పడింది. ఆమె దాన్ని రెండు చేతులా పొదువుకుంది.

నోర్బర్ట్ టోపీ తీశాడు.

"నోర్బీ, ఇది ఆయనకి పట్టుకెళ్తానురా" అంది.

"నాకు తెలుసు బెర్నీ. అయినా విసరాలి."

"ఒక్కసారికి."

"ఒక్కసారికని వదిలితే రేపు ఇంకొకడికి వదలాలి. లే తల్లీ."

మేమంతా కేకలు పెట్టాం. ఆమె లేచి విసిరింది. బంతి కంచెకు అవతల నాలుగడుగుల్లో పడింది. మైదానమంతా హోరెత్తింది. ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్న ఒకావిడ విసిరిందని రేడియోలో చెప్పారు. ఆసుపత్రి మంచం మీద టియోఫిల్ అది విన్నాడు. సాయంత్రం ఆమె వెళ్ళేసరికి నవ్వుతూ, "నిన్ను బంతి వేసే పిచర్‌గా తీసుకుంటారేమోనని భయపడ్డానే" అన్నాడట. ఆకులు రాలకముందే ఆయన పోయాడు. శవపేటిక మోసినవాళ్ళలో నోర్బర్ట్ ముందున్నాడు.

బెర్నడీన్ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చివర ఒకే మాటతో ముగించేది. "ఇంటికి తెచ్చుంటే ఆ బంతి అల్మారాలో పడుండేది. విసిరాను కాబట్టే ఆయన చెవిన పడింది." ఆమెకు భర్త చివరి నవ్వు ఆ కట్టుబాటు వల్ల దొరికింది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, తర్వాత జరిగినదాని బరువు తెలుస్తుంది.

పోయిన ఏడాది గురించి ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. జూన్‌లో మా జట్టు అట్టడుగున ఉంది. ఆగస్టులో కాస్త తల ఎత్తింది. ఆఖరి రోజున ఆఖరి ఆట గెలిచి ఎలాగో పెద్ద పోటీల్లోకి పాకింది. అక్కడినుంచి ఫైనల్ దాకా వెళ్ళింది. ఫైనల్ అంటే కొన్ని ఆటల వరస; దానిలో చివరి ఆట మా మైదానంలోనే జరిగింది. ఆరో ఇన్నింగ్‌లో ఎదుటి జట్టు పెద్ద బ్యాటర్ హోల్‌కూమ్ కొట్టిన బంతి కుడి కంచె దాటి మా మీదికొచ్చింది. మేము వెనకబడ్డాం. బంతి పట్టింది నోర్బర్ట్. వంగి, కడుపుకు అదుముకుని, లేచి, ముసలి భుజంలో అంత బలం ఎక్కడ దాచుకున్నాడో తెలియదు, మైదానం మధ్యదాకా విసిరాడు. మా కుడి ఫీల్డర్ దాన్ని తీసి మా బెంచీల వైపు చూసి టోపీ తాకాడు. జనం ఇక కూర్చోలేదు. ఎనిమిదో ఇన్నింగ్‌లో సమం చేశాం. పదోదానిలో గెలిచాం. ఆ విసురే ఆటను తిప్పిందని ఊరంతా నమ్మింది. ఒక విసురు ఆటను తిప్పగలదని నేననుకోను. అయితే ఆ రోజు నేనూ నిలబడే ఉన్నాను.

ఊరేగింపు సందడి చల్లారకముందే మా పెద్ద పిచర్ వెర్నాన్ ప్రూయెట్ సముద్రతీరపు పెద్ద నగరం జట్టులోకి వెళ్ళిపోయాడు. చలికాలమంతా మా మాటలు అతని చుట్టూనే తిరిగాయి. వచ్చే ఏడాది ఎవరు బంతి వేస్తారు, మూడో బేస్ దగ్గర ఆడే కుర్రాడి మోకాలు నయమవుతుందా, ఇలాంటివి.

ప్రతి జనవరిలో మా బెంచీలవాళ్ళం బౌలింగ్ హాలు వెనక గదిలో ఒక శనివారం మధ్యాహ్నం కలుస్తాం. పిండిలో బంగాళాదుంప కూరి ఉడికించిన పియరోగీలు, పుల్ల క్యాబేజీ, బీరు. బెర్నడీన్ చెయ్యి పడనిదే ఆ పియరోగీలకు రుచి రాదు. ఈసారి ఫైనల్ ఆట టేపు కూడా పెట్టుకున్నాం. సెలూన్ నడిపే లూ టెడెస్కో, వాడి నోరు వాడి కత్తెర కంటే వేగం, తలుపు దగ్గరే నోర్బర్ట్‌ను పట్టుకున్నాడు.

"రావయ్యా ఛాంపియన్. భుజం ఎలా ఉంది? ప్రూయెట్ పోయాడుగా, నిన్నే దింపుదామంటున్నారు."

"వాడి పేరెత్తకు" అన్నాడు నోర్బర్ట్. "మన ఊరి అన్నం తిన్నాడు. మన చేతుల మీద ఊరేగాడు. కప్పు మీద వేలిముద్రలు ఆరకముందే పెట్టె సర్దాడు. వాణ్ణి మనిషంటారా?"

"ఒప్పందం గడువు తీరింది. వెళ్ళే హక్కు అతనికుంది" అన్నాను.

"జడ్జిగారు మొదలెట్టారు" అన్నాడు లూ. నేను న్యాయమూర్తిని కాను. మిల్లు యజమానులకూ కార్మికులకూ మధ్య తగాదాలు తీర్చే మధ్యవర్తిగా పనిచేశాను. లూకు ఆ తేడా పట్టదు.

"హక్కు వేరు, నమ్మకం వేరు" అన్నాడు నోర్బర్ట్. ఆ మాటకు బెర్నడీన్ తల ఊపింది. పియరోగీల పళ్ళెం ముందు అతనికే అందించింది.

టేపు ఆరో ఇన్నింగ్ దాటిన తర్వాత క్లబ్బు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో చిన్న గాజుపెట్టె ఉంది. నోర్బర్ట్ విసిరిన బంతిని ఆ రోజే కుడి ఫీల్డర్ సామాను గదిలో అప్పగించాడని, దాన్ని భద్రంగా ఉంచారని, ఏప్రిల్‌లో మొదటి ఆట రోజు మైదానం గుమ్మంలో పెడతారని, ఆ రోజు తొలి బంతి నోర్బర్టే వేయాలని చెప్పింది. "ముందుగా మీరంతా చూస్తారని తెచ్చాను సర్."

నోర్బర్ట్ లేవలేదు. "ఎందుకమ్మా ఇవన్నీ. తీసుకెళ్ళి అక్కడే పెట్టుకోండి."

"ఏంటి సిగ్గు?" అన్నాడు లూ. "మొన్నటిదాకా సెలూన్లో ఎవడి జుట్టు కత్తిరిస్తున్నా వాడికి నా చేత ఈ కథే చెప్పించావు. తెరువమ్మా, ముట్టుకుందాం."

పెట్టె తెరిచారు. బంతి ముందు బెర్నడీన్ చేతికిచ్చారు. అది సహజమే. ఆమె దాన్ని తిప్పి చూసింది, మళ్ళీ తిప్పింది.

"దీని మీద బొమ్మ ఏది?" అంది.

ఫైనల్ ఆటల బంతుల మీద బంగారు రంగులో కప్పు ముద్ర వేస్తారు. ఇది బెంచీల్లో కూర్చునే ప్రతివాడికీ తెలుసు. ఆమె చేతిలోని బంతి మీద అది లేదు. మామూలు నీలి ముద్ర ఒకటి, దాని పక్కన సాధన బంతులకు వేసే మచ్చ ఒకటి ఉన్నాయి. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చెరిగిన గుర్తు కూడా కనబడలేదు.

లూ టేపు ఆపాడు.

తొందరపడకూడదనుకున్నాను. క్లబ్బు అమ్మాయిని అడిగాను. ఫీల్డర్ బంతిని వెంటనే ఇచ్చాడా? ఇన్నింగ్ అయ్యేదాకా వెనక జేబులో పెట్టుకున్నాడంది. సామాను గదిలో ఎవరు తీసుకున్నారు? గది చూసుకునే పెద్దాయన. అక్కడ సాధన బంతుల బుట్ట ఉంటుందా? ఉంటుంది. "అయితే అక్కడ పొరపాటున మారిపోయి ఉండవచ్చు" అన్నాను. లూ టేపు వెనక్కి తిప్పాడు. నోర్బర్ట్ బంతి పట్టడం, వంగడం కనిపించాయి. అతని ముందు లేచిన వీపులు అడ్డం వచ్చాయి. తర్వాత లేచి విసిరాడు. ఆ వంగిన క్షణంలో చేతులెక్కడున్నాయో తెరమీద తెలియలేదు. "దీన్నిబట్టి ఎవరినీ తప్పుపట్టలేం" అన్నాను. ఆ మాట దయతో అనలేదు. సాక్ష్యం అంతవరకే ఉంది.

నోర్బర్ట్‌కు తప్పించుకునే దారి తెరిచే ఉంది. సామాను గది పెద్దాయన మీద నెట్టేస్తే మేమంతా ఒప్పుకునేవాళ్ళం. ఒప్పుకోవాలనే చూస్తున్నాం కూడా.

బెర్నడీన్ బంతిని బల్ల మీద పెట్టింది. "నోర్బీ, అసలుది నీ దగ్గరుందా?"

అతను చేతుల వంక చూసుకున్నాడు. "ఉంది."

"ఒరేయ్, తమాషాకంటున్నావా?" అన్నాడు లూ.

"కాదు. ఇంట్లో ఉంది. మేజోళ్ళ సొరుగులో."

"జేబు బంతా? నువ్వా? మా బావమరిది జేబులు తడిమి, వాణ్ణి జనంలో తలదించుకునేలా చేశావు కదరా. వాడు మళ్ళీ ఇటు రాలేదు."

"తెలుసు."

"ఆ రోజు పొద్దున్నే అనుకుని జేబులో వేసుకొచ్చావా?"

"ఆ రోజు కాదు. చాలా ఏళ్ళ నుంచి నా కోటులో ఒకటి ఉంటూనే ఉంది." అతను బెర్నడీన్ వైపు తిరిగాడు. "టియోఫిల్ పోయిన తర్వాత పెట్టుకున్నాను. నీకు ఇంకోసారి దొరికితే, నీ చేతిలో ఇది పెట్టి విసిరిద్దామని. నీది నీకు ఉండిపోతుందని."

బెర్నడీన్ బల్ల మీది బంతిని దూరంగా జరిపింది.

"మళ్ళీ నీకు దొరకలేదు" అన్నాడు. "హోల్‌కూమ్ బంతి నాకు దొరికింది. చేతికి తగలగానే... నాకు డెబ్బై దాటాయి బెర్నీ. చిన్నప్పటి నుంచీ పట్టిన ప్రతిదీ విసిరేశాను. ఒక్కటి నాకుండాలనిపించింది. ఆలోచించలేదు. చెయ్యి జేబులోకి పోయింది."

ఈ వాంగ్మూలంలో రెండో భాగాన్ని నేను నమ్ముతాను. మొదటి భాగాన్ని నిర్ధారించే దారి లేదు. అతను ఆ మాట అప్పటికప్పుడు కల్పించగల మనిషి కాడు. కాని తనతో తాను చాలా ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన అబద్ధం కావచ్చు. అది అతనికే తెలియకపోవచ్చు.

"నాకోసం మోశావన్నమాట" అంది బెర్నడీన్ చివరికి. ఆమె గొంతు పెరగలేదు. "అయితే ఆ రోజు నా చేత విసిరించడం తప్పని నీకే అనిపించింది. తప్పనిపించి కూడా, తర్వాత ఇన్నేళ్ళూ అందరి చేతా విసిరించావు. విసరడమే మంచిదయిందని ఇన్నేళ్ళూ నన్ను చెప్పనిచ్చావు."

"అది నిజమే బెర్నీ."

"నాకు నిజం. నీకు?"

ఆమె కోటు తొడుక్కుంది. పియరోగీల గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళింది. క్లబ్బు అమ్మాయి పెట్టె మూసుకుని, ఎవరి మొహమూ చూడకుండా నిలబడింది.

మర్నాడు చర్చి అయ్యాక నోర్బర్ట్ మా ఇంటికొచ్చాడు. మేజోడులో చుట్టిన బంతి చేతిలో ఉంది. ముద్ర బంగారంలా మెరుస్తోంది. "మీరిచ్చెయ్యండి ఆమెకి" అన్నాడు. నేను మోసుకెళ్ళనని, కావాలంటే వెంట వస్తానని చెప్పాను. మంచులో నడిచి వెళ్ళాం. బెర్నడీన్ తలుపు తీసింది కాని లోపలికి రమ్మనలేదు. బంతిని చూసింది. తీసుకోలేదు.

"టియోఫిల్ విన్నది ఇది కాదు" అంది. "దీన్ని నాకిచ్చి నువ్వు తేలికపడాలనుకుంటున్నావు. పడకు. నీకు కావాలని తీసుకున్నావు, నువ్వే ఉంచుకో. ఈ ఏడు నేను ఎడమవైపు టికెట్ తీసుకుంటున్నాను."

"అక్కడ ఎండ కళ్ళల్లో కొడుతుంది" అన్నాడు నోర్బర్ట్.

"టోపీ పెట్టుకుంటాను" అని తలుపు వేసింది.

సోమవారం అతనే క్లబ్బుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. లుడ్మిలా పక్కనుండి విన్నది నాకు చెప్పింది. గాజుపెట్టె మీద ఫలకం చెక్కడం అయిపోయిందని, జనం సంతోషంగా ఉన్నారని, ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదని అవతలివాళ్ళన్నారట. తొలి బంతి వేయడానికి తాను రానని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు. గాజుపెట్టె మాత్రం గుమ్మంలోకి వచ్చింది. హోల్‌కూమ్ కొట్టిన బంతి ఇదేనని ఆ ఫలకం మీద రాసింది నిజం కాదని తెలిసినవాళ్ళంతా దాని పక్కనుండే లోపలికి నడిచారు. సంగతి దాగలేదు. లూ నోరు ఊరుకోలేదు. ఫిబ్రవరి చివరికి ఊరికి తెలిసిపోయింది.

అతన్ని బెంచీల నుంచి వెళ్ళగొట్టాలన్నవాళ్ళు కొందరున్నారు. నేను వద్దన్నాను. దొరికిపోకముందే ఒప్పుకున్నాడు. తీసుకున్నది అమ్మజూపలేదు. మా మధ్య జబ్బుపడ్డ ప్రతివారింటికీ సూపు మోసుకెళ్ళిన మనిషి. ఇవన్నీ లెక్కలోకి రావలసినవే. అయితే ఇవన్నీ తూకంలో వేశాక కూడా ఒకటి మిగిలిపోతుంది. ప్రూయెట్ మాకు ఏమీ మాటివ్వలేదు. నోర్బర్ట్ ప్రతి ఆటలోనూ టోపీ తీసి మాటిచ్చాడు.

ఏప్రిల్ మొదటి ఆట చలిలో జరిగింది. నోర్బర్ట్ తన చోటుకు వచ్చి కూర్చున్నాడు. లూ అతనికి ఇటుపక్క, నేను అటుపక్క. బెర్నడీన్ చోటులో ఎవరో కోటు పెట్టుకున్నారు. నాలుగో ఇన్నింగ్‌లో ఎదుటి జట్టువాడు కొట్టిన బంతి కంచె దాటి మా కింది వరసలో పడింది. పట్టినవాడు మాకు కొత్త. ముప్పై ఏళ్ళుండవచ్చు. బంతి చేతపట్టుకుని లేచి వెనక్కి తిరిగాడు. అలవాటు చొప్పున అందరి చూపులూ నోర్బర్ట్ మీదికి వెళ్ళాయి. అతని టోపీ తల మీదే ఉంది. చేతులు మోకాళ్ళ మధ్య ఉన్నాయి.

"ఇక్కడ విసరాలంటారు కదండీ?" అని ఆ మనిషి నేరుగా నోర్బర్ట్‌నే అడిగాడు.

"నన్నడక్కు బాబూ."

అతను లూ వైపు చూశాడు. లూ నోరు తెరిచి మూసుకున్నాడు. అతను నావైపు చూశాడు. చెప్పడానికి నాకు హక్కుందో లేదో నేను తేల్చుకునేలోపే అతను బంతిని జేబులో వేసుకుని కూర్చున్నాడు. పిచర్ తర్వాతి బంతి వేశాడు.